ఖరీదైన పెట్రోలులో ఏముంది? - ఆక్టేన్ వెనుక దాగిన సీసం చరిత్ర



కాశీబుగ్గలో ఒక పెట్రోలు బంకు వద్ద ఈ మధ్య నా కంటబడిన సంగతితో ఈ వ్యాసం మొదలుపెడతాను. వజ్రపుకొత్తూరు వైపు పల్లె నుంచి వచ్చిన యువకుడొకడు పాత వంద సీసీ మోటారు సైకిలు ఆపి, ఖరీదైన పెట్రోలు పోసే గొట్టం దగ్గర వరుసలో నిలబడ్డాడు. వెనుక సీటు మీద అతని తండ్రి. చేతికి ఫిస్టులా ఉన్నచోట కట్టు ఉంది. అంటే పలాసలో డయాలసిస్ చేయించుకుని తిరిగి వెళుతున్నాడన్నమాట. వైద్యుడికి ఉండే చొరవతో, ఈ బండికి ఆ పెట్రోలు ఎందుకు బాబూ అని అడిగాను.

"అయ్యనెక్కించుకుని వారానికి మూడుసార్లు ఎల్తన్నాం కదా డాక్టరుబాబూ. బండి మద్దెలో ఆగిపోతే ఏటి సేత్తాం? మంచి పెట్రోలు పోత్తే మొరాయించదంట."

ఆ మాటకు నా దగ్గర వెంటనే జవాబు లేకపోయింది. అతని భయం నిజమైనది. కాని అతడు కొంటున్న ధైర్యం ఆ గొట్టంలో లేదు. ఇంటికి వచ్చి లెక్క వేశాను. రానూ పోనూ 40 కిలోమీటర్లు, వారానికి 120. అలాంటి బండి అంత దూరానికి రెండు లీటర్లు తాగుతుంది. సాధారణ పెట్రోలుకూ ప్రీమియం పెట్రోలుకూ తేడా లీటరుకు సుమారు ఏడెనిమిది రూపాయలు. అంటే వారానికి పదిహేను. పెద్ద మొత్తమేమీ కాదని మీరు అనవచ్చు. అవే పదిహేను రూపాయలకు రెండు కోడిగుడ్లు వస్తాయి. డయాలసిస్‌లో ఉన్న మనిషికి ప్రొటీన్ ఎంత అవసరమో, ఆ ఇళ్లలో అది ఎంత కొరతో ఉద్దానంలో పనిచేసిన ఏ వైద్యుడైనా చెబుతాడు.

ఆ ఏడెనిమిది రూపాయలకు మనం కొంటున్నది ఏమిటి? ఈ ప్రశ్నకు నూరేళ్ల చరిత్ర ఉన్నది. అందులో పెట్రోలు పాత్ర ఎంతో, మనుషుల రక్తం, మెదడు, మూత్రపిండాల పాత్ర కూడా అంతే. అందుకే ఆరోగ్య విషయాలు రాసుకునే ఈ చోట దీన్ని రాస్తున్నాను.

ముందు ఆక్టేన్ అంటే ఏమిటో తెలుసుకోవాలి. ఇంజిను సిలిండరులో పెట్రోలు ఆవిరి, గాలి కలిసిన మిశ్రమాన్ని పిస్టన్ పైకి వచ్చి నొక్కుతుంది. నొక్కిన తరువాత సరైన క్షణంలో ప్లగ్గు నిప్పురవ్వ ఇస్తుంది, మంట ఒక వరుసలో పాకుతుంది, పిస్టన్ కిందికి దిగుతుంది. మిశ్రమంలో కొంత భాగం ఒత్తిడికీ వేడికీ తట్టుకోలేక ఆ మంట తన దాకా రాకముందే తనంతట తాను పేలితే లోపల సుత్తితో కొట్టినట్టు టకటకమని శబ్దం వస్తుంది. మన మెకానిక్కులు నాకింగ్ అంటారు. అలా ముందుగా పేలకుండా నిలదొక్కుకునే గుణానికి కొలమానమే ఆక్టేన్ సంఖ్య. 1926లో గ్రాహం ఎడ్గర్ అనే అమెరికన్ రసాయన శాస్త్రవేత్త ఈ కొలతను ప్రతిపాదించాడు. ఐసో ఆక్టేన్ అనే ద్రవానికి 100, ఇట్టే పేలిపోయే హెప్టేన్‌కు సున్నా. 91 ఆక్టేన్ పెట్రోలు అంటే, ఈ రెంటినీ 91కి 9 పాళ్లలో కలిపితే ఎంత ఒత్తిడికి తట్టుకుంటుందో అంతే తట్టుకునే పెట్రోలు.

ఇది ఓర్పుకు కొలత, బలానికి కాదు. ఆక్టేన్ పెరిగినంత మాత్రాన లీటరు పెట్రోలులో ఉన్న వేడిమి పెరగదు. మిశ్రమాన్ని గట్టిగా నొక్కే ఇంజినుకు, అంటే ఖరీదైన కార్లకూ పెద్ద మోటారు సైకిళ్లకూ ఆ ఓర్పు కావాలి. అంత నొక్కని ఇంజినుకు అది అక్కరలేదు, ఇచ్చినా వాడుకోలేదు. విటమిను లోపం లేనివాడికి విటమిను ఇంజెక్షను చేస్తే మూత్రంలో పోయినట్టే. మన పల్లెల్లో నీరసం అనగానే సూది వేయించుకునే అలవాటును మాన్పించలేక నేను ముప్ఫై ఏళ్లు అలసిపోయాను. బంకు దగ్గర కూడా అదే నమ్మకం ఎదురైంది. ఇంజినును శుభ్రంగా ఉంచే కొన్ని రసాయనాలను ప్రీమియం రకాల్లో అదనంగా కలుపుతారు, ఆ మేరకు ప్రయోజనం కాదనను. కాని బండి మధ్యలో ఆగిపోకుండా కాపాడేవి ప్లగ్గు, ఎయిర్ ఫిల్టరు, సమయానికి మార్చిన ఇంజిను ఆయిలు.

ధర ఎక్కువైతే సరుకు మంచిదన్న భావన పెట్రోలు విషయంలో ఎంత తప్పో మన జిల్లా వాసులకు వేరే చెప్పనక్కరలేదు. ఇచ్ఛాపురం దాటి ఒడిశాలో అడుగుపెడితే సాధారణ పెట్రోలే లీటరుకు ఏడెనిమిది రూపాయలు తగ్గుతుంది. మన రాష్ట్రంలో 31 శాతం వ్యాట్, దానిపై లీటరుకు 4 రూపాయలు, రోడ్డు సెస్సు మరొక రూపాయి. అక్కడ వ్యాట్ 28 శాతం. అంటే వాగు అవతల ప్రీమియం పోయించుకునే ధరకు ఇవతల మనం సాధారణ పెట్రోలు పోయించుకుంటున్నాం. పైగా పేరు పెట్టి అమ్మే పెట్రోలు మీద కేంద్ర ఎక్సైజు సుంకం కూడా లీటరుకు రూపాయికి పైగా ఎక్కువ. ధరలో సుంకం ఎంతో, సారం ఎంతో గొట్టం మీద రాసి ఉండదు.

ఇక చరిత్రలోకి వద్దాం.

1912లో కాడిలాక్ కార్లకు చేతితో తిప్పనక్కరలేని సెల్ఫ్ స్టార్టరు వచ్చింది. దాన్ని రూపొందించిన చార్లెస్ కెటరింగ్ మీదే నాకింగ్ నింద కూడా పడింది. ఆ నింద నుంచి బయటపడే ప్రయత్నంలో అతని ప్రయోగశాల ఏళ్ల తరబడి రకరకాల పదార్థాలను పెట్రోలులో కలిపి చూసింది. అక్కడ పనిచేసిన థామస్ మిడ్గ్లీ 1921 డిసెంబరులో టెట్రా ఇథైల్ లెడ్ అనే సీసపు సమ్మేళనాన్ని కలిపినప్పుడు శబ్దం ఒక్కసారిగా ఆగిపోయింది. లీటరుకు గ్రాము లోపు సీసం చాలు.

ఇక్కడ నన్ను ఎప్పుడూ కలవరపెట్టే విషయం ఒకటున్నది. నాకింగును ఆపే మరొక పదార్థం వారికి అంతకు ముందే తెలుసు. అది సాధారణమైన ఆల్కహాలు, నేడు మనం ఇథనాల్ అంటున్నది. ఆల్కహాలు కలిపిన పెట్రోలుకు మిడ్గ్లీ స్వయంగా 1920లో పేటెంటు కోరాడు. కాని ఆల్కహాలు చెరకు నుంచీ ధాన్యం నుంచీ ఎవరైనా తీయగలరు, దాని మీద గుత్తాధిపత్యం కుదరదు. పైగా పెట్రోలులో ఐదో వంతో అంతకన్నా ఎక్కువో కలపాలి. ఆ మేరకు పెట్రోలు అమ్మకం తగ్గుతుంది. సీసానికి ఆ చిక్కులు లేవు. చిటికెడు చాలు, పేటెంటు తమది.

1923 ఫిబ్రవరిలో ఒహాయో రాష్ట్రంలోని డేటన్ పట్టణంలో దాన్ని తొలిసారి అమ్మారు. పేరు 'ఇథైల్'. సీసం అన్న మాట ఆ పేరులో లేదు. మామూలు పెట్రోలు నుంచి వేరుగా కనిపించేందుకు ఎర్ర రంగు కలిపారు, కొన్ని సెంట్లు ఎక్కువ ధర పెట్టారు. మామూలు పెట్రోలు పక్కన మేలు రకం పెట్రోలు అనే ఆలోచనను జనంలో పాదుకొల్పింది అదే. ఆ అదనపు సెంట్లతో జనం కొన్నది విషమని వారికి తెలియదు. అమ్మినవారికి అంత తెలియకపోలేదు. సీసం విషమని రోమన్ల కాలం నుంచి వైద్యం ఎరిగినదే. మిడ్గ్లీ సైతం సీసం ఒంటికి పట్టి ఆ ఏడాది మొదట్లో విశ్రాంతి కోసం ఫ్లోరిడా వెళ్లవలసి వచ్చింది.

1924 అక్టోబరులో న్యూజెర్సీలోని బేవే శుద్ధి కర్మాగారంలో ఆ పదార్థాన్ని తయారు చేసే కార్మికులకు మతి చలించింది. లేనివి కనిపించాయి, కేకలు వేశారు, కొందరిని కట్టివేయవలసి వచ్చింది. ఐదుగురు చనిపోయారు, ముప్ఫై మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. డ్యూపాంట్ వారి డీప్‌వాటర్ కర్మాగారంలో పనిచేసేవారు తమ శాలకు 'సీతాకోకచిలుకల ఇల్లు' అని పేరు పెట్టుకున్నారట. గాలిలో లేని పురుగులను అక్కడి మనుషులు చేతులతో తోలుకుంటూ ఉండేవారు. ఆ చిత్తభ్రమకు కారణం నాకు పాఠ్య పుస్తకంలో తెలిసినదే. మామూలు సీసం రక్తం ద్వారా నెమ్మదిగా పనిచేస్తుంది. టెట్రా ఇథైల్ లెడ్ కొవ్వులో కరిగే పదార్థం, చర్మం గుండా చొరబడి నేరుగా మెదడును పట్టుకుంటుంది.

బేవే మరణాల తరువాత కొద్ది రోజులకే మిడ్గ్లీ విలేఖరులను పిలిచి, ఆ ద్రవంతో చేతులు కడుక్కుని, ఒక నిమిషం పాటు వాసన పీల్చి, దీనివల్ల ప్రమాదం లేదన్నాడు. 1925 మేలో వాషింగ్టన్‌లో ప్రభుత్వ వైద్యాధిపతి సమావేశం ఏర్పాటు చేశాడు. యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన యాండెల్ హెండర్సన్, హార్వర్డులో తొలి మహిళా అధ్యాపకురాలైన ఆలిస్ హామిల్టన్ దీన్ని గట్టిగా వ్యతిరేకించారు. నగర వీధుల్లో ప్రతి మనిషీ రోజూ ఈ సీసాన్ని పీల్చవలసి వస్తుందన్నది వారి వాదం. ఆ మరుసటి ఏడాది నిపుణుల సంఘం నిషేధించదగిన కారణం కనబడలేదని తేల్చింది. ఆ తరువాత నలభై ఏళ్లు ఈ విషయం మీద పరిశోధన చేసినదీ, తీర్పు చెప్పినదీ ముఖ్యంగా ఆ పరిశ్రమ వైద్య సలహాదారు రాబర్ట్ కీహో. సీసం మనిషి ఒంట్లో సహజంగా ఉండేదే, ఒక హద్దు దాటనంత వరకు హాని లేదు అన్నది ఆయన సిద్ధాంతం. నా తరం వైద్యులు కూడా సీసం గురించి చదువుకున్నది చాలావరకు ఆ నీడలోనే. లక్షణాలు కనిపిస్తేనే రోగం.

నా విద్యార్థి దశలో వార్డులో మా ఆచార్యులు ఒక అచ్చుకూటం కార్మికుణ్ణి చూపించారు. సీసపు అక్షరాలు కూర్చే పని అతనిది. పంటి చిగుళ్ల అంచున నీలిగీత. అందరం వరుసగా వంగి చూసి, పుస్తకంలో ఉన్నట్టే ఉన్నదని సంబరపడ్డాం. ఇంట్లో అతని పిల్లల సంగతి ఏమిటని మాలో ఒక్కరం కూడా అడగలేదు. అతని బట్టలకు అంటిన ధూళి ఇంటికి వెళ్లేదన్న ఆలోచన నాకు చాలా ఏళ్ల తరువాత గాని రాలేదు.

కీహో సిద్ధాంతాన్ని కదిలించినవాడు వైద్యుడు కాదు. భూమి వయసును 455 కోట్ల ఏళ్లుగా లెక్కగట్టిన భూరసాయన శాస్త్రవేత్త క్లెయిర్ ప్యాటర్సన్. రాళ్లలో సీసాన్ని కొలవబోతే గదిలోని ధూళి నుంచే అంతకు మించిన సీసం వచ్చి పడుతుండేది. దాన్ని వెంబడించి వెళ్లి, సముద్రపు లోతుల్లో కన్నా పైనీటిలో సీసం ఎక్కువని, అది ఇటీవల గాలి నుంచి రాలినదేనని గ్రహించాడు. 1965లో ప్రచురించిన వ్యాసంలో ఆయన చెప్పినది సూటిగా ఇది: మనం సహజమనుకుంటున్న సీసం సహజం కాదు, అందరికీ సమానంగా ఎక్కిన విషం మాత్రమే. తరువాత 1979లో హెర్బర్ట్ నీడిల్‌మన్ అనే వైద్యుడు బోస్టన్ సమీపంలోని బడిపిల్లల ఊడిన పాలపళ్లను సేకరించి, వాటిలోని సీసాన్ని కొలిచాడు. పైకి ఏ జబ్బూ లేని పిల్లల్లోనే సీసం ఎక్కువైన కొద్దీ తెలివితేటల పరీక్షలో మార్కులు తగ్గాయి, తరగతిలో కుదురు తగ్గింది.

అమెరికాలో సీసాన్ని తగ్గించడం 1970లలో మొదలైంది. మొదటి కారణం పిల్లలు కాదు, సైలెన్సరులో పొగను శుద్ధి చేసే కాటలిటిక్ కన్వర్టరు సీసానికి పాడైపోతుంది. యంత్రం మీద చూపిన దయ వల్ల పిల్లలు బాగుపడ్డారు. 1976-80 నాటికి అక్కడి ప్రజల రక్తంలో డెసిలీటరుకు సగటున 12.8 మైక్రోగ్రాములు ఉన్న సీసం, 1988-91 నాటికి 2.8కి దిగింది. నా ఎరుకలో ఏ మందూ, ఏ టీకా లేకుండా ఇంత వేగంగా ఒక దేశపు రక్తం శుభ్రపడిన ఉదాహరణ మరొకటి లేదు.

మన దేశంలో ఒకప్పుడు లీటరు పెట్రోలులో 0.56 గ్రాముల వరకు సీసం ఉండేది. 1994లో నాలుగు మహానగరాల్లో దాన్ని 0.15కు తగ్గించారు. ఢిల్లీ కాలుష్యంపై న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు ఒత్తిడి దీని వెనుక ఉన్నది. 1995 ఏప్రిల్ 1 నుంచి ఆ నగరాల్లో కొత్త కార్ల కోసం సీసం లేని పెట్రోలు వేరుగా అమ్మారు. దేశమంతటా సీసం పోయినది 2000 ఫిబ్రవరి 1న. ఆ ముందు సంవత్సరం బెంగళూరులో వెల్లడైన ఒక పెద్ద సర్వేలో మన మహానగరాల పిల్లల్లో సగానికి పైగా 10 మైక్రోగ్రాములకు మించిన సీసంతో ఉన్నారని తేలింది. నేడు అమెరికాలో 3.5 దాటితేనే బిడ్డ ఇంటిని పరిశీలించమంటున్నారు. ముంబయిలో 10 దాటిన పిల్లలు అప్పట్లో దాదాపు 62 శాతం. సీసం తీసేసిన కొన్నేళ్లకు అది 33 శాతానికి తగ్గింది. మిగిలిన ఆ మూడో వంతు పెట్రోలుది కాదు. రంగులది, పాత బ్యాటరీలు కరిగించే బట్టీలది.

ఈ మాట చదవగానే ఉద్దానం పాఠకుల మనసులో ఏ ప్రశ్న పుడుతుందో నాకు తెలుసు. సీసం మూత్రపిండాలను తినే లోహమే కదా, మన కిడ్నీ వ్యాధికి అదే కారణమా? ఈ అనుమానం అర్థం లేనిది కాదు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో ఇళ్ల వరండా కమ్మీలకు పూసిన సీసపు రంగు పిల్లల నోళ్లలోకి వెళ్లేదని 1904లోనే లాక్‌హార్ట్ గిబ్సన్ అనే కంటి వైద్యుడు కనిపెట్టాడు. ఆ పిల్లలు పెద్దవారై, ముప్ఫై నలభై ఏళ్లకే మూత్రపిండాలు చెడి మరణించడాన్ని తరువాతి పరిశోధకులు నమోదు చేశారు. బాల్యంలో ఎక్కిన సీసం ఎముకల్లో దాగి, యౌవనంలో కిడ్నీని తీసింది. సీసం దెబ్బతీసేదీ కిడ్నీలోని నాళికలనే, ఉద్దానం వ్యాధిలో ముందుగా చెడేదీ అవే. అందుకే ఇక్కడి నీటిలో, మట్టిలో పరిశోధకులు భారలోహాల కోసం వెదికారు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల వ్యాధికి ఏదో ఒక్క కారణం నేటికీ రుజువు కాలేదు.

పెట్రోలు సీసం విషయంలో మాత్రం నా అభిప్రాయం స్పష్టం. అది ఇక్కడి దోషి కాదు. జాతీయ రహదారి మీద టెక్కలి, పలాసల గుండా పోయే లారీలు డీజిలు బండ్లు, డీజిలులో సీసం కలిపేవారు కాదు. సీసం పెట్రోలు ఉన్న రోజుల్లో కొబ్బరి, జీడితోటల నడుమ ఉన్న పల్లెల్లో స్కూటర్లను వేళ్ల మీద లెక్కపెట్టేవాళ్లం. పెట్రోలు సీసమే కారణమైతే ముందు మంచాన పడవలసినవి మహానగరాలు. వాట్సాప్‌లో ఎవరైనా ఆ మాట పంపితే నమ్మకండి. నొప్పి మాత్రలు ఇష్టం వచ్చినట్టు మింగడం మానడం, ఎండలో పనిచేసేటప్పుడు నీళ్లు తాగడం, ఏటా క్రియాటినిన్ పరీక్ష - ఇవి మన చేతిలో ఉన్నవి. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. పరీక్షకు విశాఖ దాకా పోవలసిన రోజులు పోయాయి.

సీసం పోయాక ఆక్టేన్ ఎక్కడి నుంచి తెచ్చారన్నది మిగిలిన కథ. కొంత కాలం బెంజీన్ వంటి పదార్థాల పాలు పెంచి తెచ్చారు. బెంజీన్ రక్త క్యాన్సరుకు కారణం కాగలదు కనుక ఒకప్పుడు 5 శాతం వరకు ఉన్న హద్దును 1 శాతానికి దించారు. బీఎస్-4 ప్రమాణాల నాటికే మన సాధారణ పెట్రోలు 91 ఆక్టేన్‌కు చేరింది. ఇప్పుడు అందులో ఐదో వంతు ఇథనాల్. దీనితో సాధారణ పెట్రోలు ఆక్టేన్ 95 దాకా వచ్చిందని 2025 ఆగస్టులో కేంద్ర పెట్రోలియం శాఖే ప్రకటించింది. 1921లో లాభం చాలదని పక్కన పెట్టిన ఆల్కహాలే వందేళ్లకు తిరిగి వచ్చింది. దాని చిక్కులు దానికి ఉన్నాయి. లీటరుకు లీటరు చూస్తే ఇథనాల్‌లో వేడిమి మూడో వంతు తక్కువ, కనుక మైలేజీ కొంత తగ్గుతుంది. పాత బండ్ల రబ్బరు గొట్టాలను గమనిస్తూ ఉండాలి. అయినా పిల్లల మెదడును తినే గుణం దానికి లేదు. ఇక 95 అని పేరు పెట్టి ఎక్కువ ధరకు అమ్మే పెట్రోలుకూ సాధారణ పెట్రోలుకూ ఆక్టేన్‌లో ఎంత దూరం మిగిలిందో మీరే చూసుకోండి.

ఆ యువకుడు మరుసటి వారం మళ్లీ కనిపించాడు. బండి పుస్తకం తెమ్మన్నాను. పాత బండి కొన్నాడు, పుస్తకం లేదు. మెకానిక్కు దగ్గరకు ఇద్దరం వెళ్లాం. ప్లగ్గు విప్పి చూస్తే నల్లగా మసి పట్టి ఉంది, ఎయిర్ ఫిల్టరు ఏళ్ల తరబడి మార్చినట్టు లేదు. రెండూ మార్చినందుకు అయిన ఖర్చు అతడు కొన్ని నెలలుగా ఖరీదైన పెట్రోలుకు అదనంగా పెట్టినంత. మెకానిక్కు చేతులకు అంటిన నల్లటి జిడ్డును సీసాలోని పెట్రోలుతోనే కడుక్కుంటుంటే వారించాను. సీసం లేకపోయినా అందులోని బెంజీన్ చర్మం గుండా పోతుంది. సబ్బు చాలు. ట్యాంకులోంచి నోటితో పీల్చి తీసే అలవాటు కూడా వద్దని చెప్పాను, ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది.

వెళ్లబోతుండగా ఆ పెద్దాయన అడిగాడు, సముద్రం ఒడ్డున వాళ్ల బావమరిది వలకు కట్టే సీసపు గుళ్లు ఇంట్లోనే పొయ్యి మీద కరిగించి పోసుకుంటాడట, మనవలు పక్కనే ఆడుకుంటారట, దానివల్ల ఏమైనా ఉందా అని. ఉంది. ఆ పని ఇంటికి దూరంగా, గాలి వాటం చూసుకుని, పిల్లలు లేనిచోట చేయాలి. వాడిన గిన్నెను వంటకు ముట్టకూడదు. ఒంటిమీద బట్టలు విడిగా ఉతకాలి. పిల్లలకు ఒకసారి రక్తపరీక్ష చేయించమని రాసి ఇచ్చాను.